ఎల్లాయమ్మ రాళ్లు

అప్పలాచారి మేస్త్రికి ఒక అలవాటు. ఎవరేం అడిగినా ముందు తన తెలివితక్కువ పని ఒకటి చెప్పి, ఆ తర్వాతే జవాబు చెప్పేవాడు. బడి మొహం చూడకుండానే రేవులో పెద్ద పెద్ద షెడ్లు లేపినవాడు కాబట్టి, ఆ సరుకు ఆయన దగ్గర దండిగా ఉండేది.

తుఫానొస్తే ఊరంతా తలదాచుకోవలసిన కొత్త షెడ్డు పని శిష్యుడు గౌరునాయుడికి వచ్చింది. అతను నమూనా కప్పు చేసి, దానిమీద ముప్పైచోట్ల గాలి ఒత్తిడి కొలిచి, కాగితం పట్టుకుని గురువు దగ్గరికి వెళ్లాడు.

"మూల మూడుచోట్లే అంకె మరీ హెచ్చుగా వచ్చింది గురువుగారూ. గాలి కప్పుని తొయ్యడం మాని పైకి లాగుతున్నట్టుంది. సగటు తీసి, అన్నిచోట్లా ఒకే రకం బోల్టులు వేసేస్తే సరిపోదా? రేపే కప్పు ఎక్కిస్తున్నాం."

ఈసారి ఆచారి తన తప్పేదీ చెప్పలేదు. గౌరునాయుడికి అదే వింతగా తోచింది. ఆయన చెప్పులు తొడుక్కుని, శిష్యుణ్ణి ఎండుచేపలు ఆరబోసే చోటికి తీసుకుపోయాడు. మబ్బు పట్టిందని ముసలి ఎల్లాయమ్మ చేపలమీద పట్టా కప్పుతోంది. రాళ్లన్నీ అంచులకే పెట్టింది. సముద్రంవైపు మూలకి మరో మూడు ఎక్కువ.

"నడుమ ఒక్క రాయీ లేదేం మామ్మా?" అన్నాడు గౌరునాయుడు.

"నడుమ గాలికేటి పని బాబూ? దొంగలాగ మూలెత్తి దూరతాది. మీ మేస్త్రి పాత సెడ్డు కట్టిన యేడే సెప్పినాను. గాలి తోస్తాది గానీ లాగుతాదేటే ఎర్రిదానా అని నవ్వినాడు." ఆమె మరో రాయి అందుకుంది.

తిరిగొస్తూ ఆచారి నోరు విప్పాడు. ఆ పాత షెడ్డు కట్టేముందు ఆయనా నమూనా చేసి, గొట్టాల్లో నీళ్లు పోసి గాలిని కొలిచాడట. మూల గొట్టంలో మాత్రం నీళ్లు గాలి లాగినట్టు ఎదురు పాకితే, గొట్టం చెడిందనుకుని ఆ అంకె కొట్టేశాడట.

"చదువు లేనివాడికి లెక్కమీద భక్తెక్కువ కదా. నచ్చని అంకెని మైలపడిందని వెలివేశాను."

ఆ ఏటి తుఫాన్నాడు ఆ షెడ్డు ముప్పై రేకుల్లో మూలవి మూడే లేచాయి. వాటితో లేచిన దూలం ఎల్లాయమ్మ పెనిమిటి మీద పడింది.

గౌరునాయుడు కాగితం మడిచి అడిగాడు. "మిగతా ఇరవయ్యేడూ?"

"చెక్కు చెదరలేదు" అన్నాడు ఆచారి. "సగటున చూస్తే నా కప్పు గట్టిదే నాయనా."