దివానుగారి మొదటి తాంబూలం

ఏ కాలమని అడక్కండి. చింతలదిన్నె సంస్థానంలో గుర్రాలూ ఉండేవి, సర్వరూ ఉండేది. ఆ సర్వర్లో అరల్లాగా కంటైనర్లు. ఒకదాంట్లో రైతుల పొలాల హద్దులు, ఇంకోదాంట్లో దివాను భుజంగరాయలు ఇరవై ఏళ్లుగా రాసుకున్న పద్యాలు. వాటిని కనిపెట్టుకుని ఉండేవాడు ఓబులేసు.

కంటైనర్లలో ఆపరేటింగ్ సిస్టమ్ పాతబడింది. మర్నాడు రాజుగారు సర్వరు చూడటానికి వస్తున్నారు.

"ఈ పూటే కొత్తది ఎక్కించెయ్," అన్నాడు దివాను.

"ముందు నకళ్లు తీస్తానయ్యా. మధ్యలో చెడితే పాతదే మళ్లీ పెట్టుకోవచ్చు. రెండు రోజులు పడుతుంది."

"నకళ్లు పిరికివాళ్లకి. రైతుల హద్దులు ఎక్కడికీ పోవు. ఎక్కించు."

హద్దులు చెరిగిపోతే ఊళ్లకు ఊళ్లే కొట్టుకు చస్తాయి. కాదంటే ఓబులేసు కొలువు పోతుంది. అతను వినయంగా తల వంచాడు.

"చిత్తం. సంస్థానంలో ఏ పనికైనా మొదటి తాంబూలం తమరిదే కదా. తమరి పద్యాల కంటైనరుతోనే మొదలుపెడుతున్నాను."

వేలు మీట మీదికి వెళ్లింది. దివాను గబుక్కున ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు. దానికి మాత్రం నకలు తియ్యి."

"అలాగేనయ్యా. పద్యాలకు తీసినవాడివి పొలాలకు ఎందుకు తీయలేదని రేపు రాజుగారు అడిగితే, ఏం చెప్పమంటారు?"

దివాను కిటికీలోంచి గుర్రాలను చూశాడు.

"రేపు తిథి బాగాలేదు. నాలుగు రోజులాగి రమ్మని రాజుగారికి నేనే మనవి చేస్తాను. అన్నిటికీ నకళ్లు తియ్యి."

ఓబులేసు పొలాల హద్దులతో మొదలుపెట్టాడు.