నానని పలక

అనగనగా ఒక రేవు పట్టణం. పేరు నావలపాడు. ఆ పట్టణానికి ఒక రాజు, ఆ రాజుకు ఒక తొందర. రాజును మించిన తొందర ఆయన దగ్గర ఓడలు కట్టే వడ్రంగికి. అతని పేరు వీరాచారి. చేతిలో పనితనం ఉంది. లేనిది ఓపిక ఒక్కటే. ఆ ఒక్కటీ ఉండి ఉంటే మనకు ఈ కథ చెప్పుకునే పనే ఉండేది కాదు.

నావలపాడులో ఒక ఆచారం ఉండేది. పెద్ద ఓడ కట్టే ముందు, అదే కర్రతో, అదే పద్ధతిలో మూరెడు పొడవున చిన్న ఓడ కట్టాలి. సభలో ఇత్తడి గంగాళం నిండా నీళ్ళు పోసి, దాన్ని అందులో వదలాలి. పొద్దున వదిలితే సాయంత్రం దాకా చుక్క నీరు లోపలికి రాకూడదు. అప్పుడే పెద్ద ఓడకు అనుమతి. ఇంకో మాట కూడా ఉంది. పెద్ద ఓడ తయారయ్యాక, కట్టినవాడి ఆలుబిడ్డలే దాన్ని మొదట ఎక్కి సముద్రం మీదికి వెళ్ళాలి. ఎందుకో చెప్పక్కర్లేదు కదా!

ఒకనాడు వసంతకేతు మహారాజు వీరాచారిని పిలిపించాడు.

"ఆచారీ, దీవులకు వెళ్ళే ఓడ కావాలి. చిన్న ఓడ చేసి తీసుకురా. మూడుసార్లు చూస్తాను. మూడుసార్లూ మునిగితే పని వేరేవాళ్ళది" అన్నాడు.

వీరాచారి ఇంటికొచ్చి పనిలో పడ్డాడు. ఓడకు వెన్నెముక పెట్టాడు. దానికి పక్కటెముకల్లా వంపు కర్రలు నిలిపాడు. ఇక వాటి మీద సన్నని టేకు పలకలు పరచాలి. చిక్కంతా ఇక్కడే. ఓడ నడుము దగ్గర పలక బుద్ధిగానే కూర్చుంటుంది. ముక్కు దగ్గర మాత్రం వంపు తిరగాలి. ఎండు పలక వంగమంటే వంగదు. దాన్ని వేడినీళ్ళలో నానబెట్టి, మెల్లగా వంచి, అలాగే కట్టి ఆరనివ్వాలి. తర్వాత అంచులు నున్నగా చిత్రిక పట్టాలి. వీరాచారి తండ్రి అలాగే చేసేవాడు. వీరాచారికీ ఆ సంగతి తెలుసు. తెలిసీ చెయ్యనివాణ్ణి ఏమనాలో నాకైతే తెలియదు.

భార్య కోటమాంబ వాకిట్లోంచి అడిగింది. "ఏమండీ, పలకలు నానబెట్టారా?"

"అంత తీరిక ఎక్కడిదే? జిగురుంది కదా, అదే పట్టుకుంటుంది" అన్నాడు వీరాచారి.

దోసెడు తుమ్మబంక కలిపి, పలకలకు దట్టంగా పూసి, బొటనవేళ్ళతో అదిమి అతికించాడు. సభకు తీసుకెళ్ళి గంగాళంలో వదిలాడు. నీళ్ళు తగిలితే తుమ్మబంక కరుగుతుందని పాలు తాగే పిల్లాడిక్కూడా తెలుసు. రాజు తాంబూలం నమిలేలోగా పలకలన్నీ విడివడి, దేని దారిన అది తేలుతూ పోయింది.

"ఇది ఓడా, కట్టెల మోపా?" అన్నాడు రాజు.

"తప్పు బంకది ప్రభూ" అన్నాడు వీరాచారి.

రెండోసారి ఇనుప మేకులు తెచ్చాడు.

"ఏమండీ, ఈసారైనా పలకలు నానబెట్టారా?" అంది కోటమాంబ.

"బంకను నమ్మి చెడ్డాను. ఇక ఇనుమును నమ్ముతాను. నువ్వు వంట చూసుకో!"

ముందు సన్నగా తొలిచి రంధ్రం చెయ్యాలి కదా, అదీ లేదు. బిగుసుకుపోయిన పలకను బలవంతంగా వంచి, టకటకా మేకులు దిగ్గొట్టాడు. పలకలు బారుగా చీలాయి. చీలికల్లో మైనం కూరాడు. గంగాళంలో వదిలితే ఓడ గుటకలు వేస్తూ అడుక్కి పోయింది.

"తప్పు మేకుది ప్రభూ" అన్నాడు వీరాచారి.

"మొన్న బంకది, ఇవాళ మేకుది. రేపు సముద్రానిదంటావు!" అని రాజు విసుక్కున్నాడు.

మూడోసారి వీరాచారికి పంతం వచ్చింది. తోళ్ళు కాచి తీసిన సరేసు జిగురు ఉడికించాడు. అందులో గుగ్గిలం కలిపాడు, లక్క కలిపాడు. ఆ కంపుకు ఇరుగుపొరుగు తలుపులు వేసుకున్నారు. పలకల్ని తాళ్ళతో బిగించి కట్టి, పూత మీద పూత వేశాడు. కోటమాంబ నోరు తెరవబోయింది.

"అడక్కు!" అన్నాడు వీరాచారి.

అంతా ఆరాక తాళ్ళు విప్పాడు. ఓడ పాకం పట్టిన అరిసెలా నిగనిగలాడింది. పైగా సాయంత్రం దాకా తేలింది! రాజు మురిసిపోయి పెద్ద ఓడకు అనుమతి ఇచ్చాడు. వీరాచారి కూతురు భద్రమ్మ ఆనందం పట్టలేక ఓడెక్కడానికి తన బొమ్మల బుట్ట సర్దుకుంది.

మర్నాడు పొద్దున్నే చిన్న ఓడ అరుగు మీద ఉంది. ఎండ పడింది. ఓడ లోపల ఏదో టిక్కుమంది.

"ఏమయ్యా ఆచారీ, ఇంకా ఎంతసేపు పట్టుకోమంటావు?"

"ఎవరది?" అని వీరాచారి ఉలిక్కిపడ్డాడు.

"నేనే, ముక్కు దగ్గరి పలకను. నిటారుగా పెరిగిన దాన్ని, వంగమన్నావు. సరే! వంగడానికి చెంబెడు వేడినీళ్ళైనా పోశావా? నడుం విరిగిపోతోంది. నిన్న సభలో నీ పరువు కోసం బిగబట్టుకున్నాను. ఇవాళ ఎండకు నీ పూత మెత్తబడింది. ఇక నావల్ల కాదు."

"ఆగాగు, ఇంకో పూత వేస్తాను!"

"పూతా! అడిగి అడిగి మీ ఆవిడ విసిగింది. ఇప్పుడు నేనూ విసిగాను. ఒద్దికగా పక్కపక్కన కూర్చున్నవాళ్ళను కదలకుండా ఉంచడం వరకే జిగురు పని. పెనుగులాడేవాళ్ళను ఆపడం దానికి చేతకాదయ్యా!"

ఇంతలో కోటమాంబ బయటికొచ్చింది. ఈసారి నానబెట్టడం గురించి అడగలేదు.

"ఈ పద్ధతిలో కట్టిన ఓడ మీద మన పిల్లను ఎక్కించమంటారా?" అని మాత్రం అడిగింది.

 వీరాచారికి భయం వేసింది, సిగ్గు వేసింది. చిన్న ఓడను ఉత్తరీయంలో చుట్టుకొని కోటకు పరుగెత్తాడు.

అక్కడ అప్పటికే పెద్ద ఓడకు దుంగలు దింపుతున్నారు. వీరాచారి చిన్న ఓడను కోట మెట్ల మీద ఎండలో పెట్టాడు.

"ఒక్క ఘడియ చూడండి ప్రభూ" అన్నాడు.

"నిన్నంతా చూశాం కదయ్యా!" అని రాజు తల పట్టుకున్నాడు.

చూస్తుండగానే ఫట్టుమని ముక్కు దగ్గరి పలక లేచి, మంత్రిగారి తలపాగా ఎగరగొట్టింది. మిగతా పలకలు దాని వెంటే ఊడాయి.

"నీకు మతి పోయిందా? గెలిచిన పనిని చేతులారా చెడగొట్టుకుంటావా?" అని రాజు మండిపడ్డాడు.

"ఆ ఓడ మొదట ఎక్కేది నా బిడ్డ. తర్వాత ఎక్కేది మీ జనం. తప్పు బంకది కాదు, మేకుది కాదు ప్రభూ. నాదే. పలకను వంచే ఓపిక లేక జిగురు మీద భారం వేశాను."

రాజు వంగి, ఊడిన పలక ఒకటి చేతిలోకి తీసుకున్నాడు.

"ఈ మాట మొదటిసారే అంటే ఎంత బాగుండేదయ్యా!" అని నిట్టూర్చాడు. "వెళ్ళు, మళ్ళీ చెయ్యి. నిన్ను తొందరపెట్టను. నువ్వూ ఆ పలకల్ని తొందరపెట్టకు."

ఈసారి కోటమాంబే నీళ్ళు కాచింది. వీరాచారి పలకలు నానబెట్టాడు, వంచాడు, ఆరనిచ్చాడు. అంచులు సన్నగా చిత్రిక పట్టాడు. జిగురు పూయకముందే పలక వంపు మీద తనంతట తాను ఒదిగింది.

"ఇక చెయ్యి తియ్యి, నేనుంటాను" అంది పలక.

అప్పుడు పల్చగా సరేసు రాశాడు. రంధ్రం తొలిచి వెదురు చీలలు దిగ్గొట్టాడు. పైన ఒక్క పూత గుగ్గిలం వేశాడు. ఆ ఓడ ఎండకు చెక్కుచెదరలేదు. గంగాళంలో వదిలితే సాయంత్రం దాకా చుక్క నీరు రాలేదు. తియ్యడం మరిచిపోతే మర్నాడూ తేలుతూనే ఉంది.

పెద్ద ఓడా అలాగే తయారైంది. భద్రమ్మ బొమ్మల బుట్టతో ముందు ఎక్కింది. కోటమాంబ ఓడ మీద కాలు పెట్టబోయి ఆగి, వెనక్కి తిరిగింది.

"ఏమండీ, పలకలు నానబెట్టారా?"

"నానబెట్టానే తల్లీ, నానబెట్టాను!" అన్నాడు వీరాచారి.

రేవంతా నవ్వింది. ఓడ కదిలింది.

కాబట్టి పిల్లలూ, బలవంతంగా వంచినదాన్ని ఏ జిగురూ నిలపలేదు, ఓపికగా ఒదిగించినదానికి కాస్తంత జిగురే చాలు.