పిల్లబండి లేచిన రోజు

"ఆ పొద్దు వచ్చింది, ఈ పొద్దు ఎందుకు రాల్యా ఉస్తాద్?" అని ఉరుకుందు అడిగాడు. మస్తాన్‌వలి అప్పుడు చైనుకు నూనె పెడుతున్నాడు. ప్రశ్న విన్నాడు కానీ తల ఎత్తలేదు. ఆయన అలవాటే అంత. శిష్యులు ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవాడు కాదు. చేతిలో పని ముగించి, చేతులు గుడ్డకు తుడుచుకుని, "చూద్దాం నాయనా" అనేవాడు. ఆ చూడడానికి ఒక పూట పట్టవచ్చు, ఒక నెల పట్టవచ్చు. కొన్నిటికి జవాబు రానే రాలేదని ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

మస్తాన్‌వలి ముప్పై ఏళ్ళు ఎగ్జిబిషన్లలో మృత్యుకూపం ఆడినవాడు. గుండ్రటి చెక్కల బావి గోడల మీద, జనం పైనుంచి తొంగి చూస్తుండగా, మోటారు సైకిలును గిరగిరా తిప్పేవాడు. మోకాలు ఒకటి పాడయ్యాక ఆ ఆట మానుకుని ఆదోనికి తిరిగి వచ్చాడు. ఊరి బయట మూతపడిన జిన్నింగు మిల్లు ఒకటి ఉంది. ఒకప్పుడు పత్తి కుప్పలు పోసిన సిమెంటు గచ్చు దానిది. గేటు నుంచి, పత్తి తూచే కాటా గది దాకా పొడుగ్గా, నున్నగా ఉంటుంది. మిల్లు యజమాని దగ్గర మాట తీసుకుని, అక్కడ అయిదారుగురికి ఆయన వీలీ నేర్పేవాడు. అంటే ముందు చక్రం గాల్లోకి లేపి, వెనక చక్రం ఒక్కదాని మీదే బండిని నడిపే విద్య. అది ఎవరైనా రోడ్డు మీద చేసినట్టు తెలిస్తే, ఆ మనిషిని మళ్ళీ గేటు లోపలికి రానిచ్చేవాడు కాదు.

నేర్పడానికి ఆయన ఒక చిన్న బండి తయారు చేసుకున్నాడు. పాత వంద సీసీ బండిని కోసి పొట్టి చేసి, సీటు కిందికి దించి, వెనక పళ్ళచక్రం పెద్దది వేశాడు. క్లచ్చి ఒక్కసారిగా వదిలితే చాలు, ముక్కు పైకెత్తుతుంది. వెనక్కి తిరగబడకుండా ఇనుప కమ్మీతో తోక ఒకటి అతికించి, దాని కొనకు రెండు బుల్లి చక్రాలు పెట్టాడు. హ్యాండిలు దగ్గర ఒక తాడు ఉంటుంది. దాన్ని మణికట్టుకు కట్టుకోవాలి. మనిషి జారితే తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. అందరూ దాన్ని పిల్లబండి అనేవాళ్ళు. పిల్లబండి మీద పదిసార్లు ఒకే ఎత్తుకు లేపి, పదిసార్లు మెత్తగా దించినవాడికే పెద్ద బండి తాళం దొరికేది.

ఉరుకుందు పత్తి మూటలు వేసే లగేజీ ఆటో తోలేవాడు. వయసు ఇరవై తొమ్మిది. నాలుగు నెలలుగా రోజూ పొద్దున మిల్లుకు వచ్చి, చిన్నచిన్నగా లేపుతూ, పడుతూ, మోచేతులు గీరుకుంటూ ఉన్నాడు. ఒక మంగళవారం పిల్లబండి ముందు చక్రం లేచింది, లేచినట్టే నిలబడిపోయింది. గేటు నుంచి కాటా గది దాకా ఎక్కడా ఊగకుండా సాగిపోయింది. అక్కడ అంతే మెత్తగా నేల మీదికి వచ్చింది. తోటివాళ్ళు ఈలలు వేసి, ఎట్ల చేసినావురా అని చుట్టుముట్టారు. "ఏమో అన్నా, అదే లేచింది, అదే పోయింది" అని ఉరుకుందు నవ్వాడు. మస్తాన్‌వలి మాత్రం "పెట్రోలు అయిపోవచ్చింది, చూసుకో" అన్నాడు.

ఆ సంతోషంలో ఉరుకుందు రెండు పనులు చేశాడు. ఊరూరా తిరిగే ఒక ఎగ్జిబిషన్ కంపెనీకి వీలీ చేసే మనిషి కావాలని అంతకుముందే విని ఉన్నాడు. దాని మేనేజరు దేవదాసుకు ఫోను చేసి, వచ్చే నెల ఒకటో తేదీన బళ్ళారికి వచ్చి చేసి చూపిస్తానని మాట ఇచ్చాడు. తర్వాత ఆటో యజమాని దగ్గరికి పోయి తాళాలు అప్పజెప్పాడు. మర్నాటి నుంచి బండి మాట వినడం మానేసింది. ముందు చక్రం మోకాలెత్తు కూడా లేవదు. లేదంటే ఒక్కసారిగా నిక్కి, తోక చక్రాలు గచ్చును గీరుకుని కీచుమంటాయి. ఆ మంగళవారం ఏమేమి జరిగిందో అన్నీ గుర్తు చేసుకుని వరసగా చేశాడు. అదే వేళకు వచ్చాడు. గచ్చులో అదే పగులు దగ్గర బయలుదేరాడు. టైర్లలో అంతే గాలి ఉంచాడు. ఆ రోజు వేసుకున్న నీలం చొక్కానే రోజూ వేసుకున్నాడు, ఉతికితే పోతుందేమోనని ఉతకనివ్వలేదు. "నీ చొక్కా కంపు వీధి మొదట్లోనే తెలుస్తాంది" అని భార్య సుంకులమ్మ అంది. అయినా రాలేదు. ఇరవై రోజులు అలా గడిచాయి. ఒకటో తేదీ ఇంక తొమ్మిది రోజులుందనగా అతడు ఆ ప్రశ్న అడిగాడు. ఉస్తాదు చేతులు తుడుచుకుని, "చూద్దాం నాయనా" అన్నాడు.

మరునాడు తొమ్మిది గంటలప్పుడు సుంకులమ్మ స్కూటీ వేసుకుని మిల్లుకు వచ్చింది. ఆమె ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. మాట సూటిగా ఉండే మనిషి. మొగుడి వైపు చూడకుండా నేరుగా మస్తాన్‌వలి దగ్గరికి పోయి నిలబడింది.

"ఉస్తాద్ గారూ, నేను కొట్లాటకు రాలేదు. ఒక మాట అడిగి పోదామని వచ్చినా. ఆటో ఆయన శనివారం దాకా తాళాలు ఎవురికీ ఇయ్యనన్నాడు. ఈయనకు ఆ విద్య వచ్చినట్టా, రానట్టా? వచ్చుంటే బళ్ళారికి పోనీ. రాకుంటే ఆటో తోలుకోనీ. ఈయన్ను అడిగితే వచ్చింది, పోయింది అంటాడు. అదేమన్నా జరమా, వచ్చి పోవడానికి?"

తోటివాళ్ళు నవ్వారు. ఉరుకుందు బూట్ల వైపు చూసుకున్నాడు. మస్తాన్‌వలి నవ్వలేదు.

"బాగా అడిగినావమ్మా. అంతలోపల ఒక పని చేసి పెడతావా? ఆ పిల్లబండి ఎండలో కాలిపోతాంది, షెడ్డు కిందికి తేవాల. నా మోకాలు మొండికేసింది."

ఉరుకుందు లేవబోయాడు. ఉస్తాదు చేత్తోనే కూర్చోమన్నాడు. సుంకులమ్మ తనకు స్కూటీ తప్ప రాదంది. అదీ స్కూటీ అంతే ఉంది చూడమన్నాడాయన. తన హెల్మెట్ ఆమె తలకు పెట్టాడు, క్లచ్చి ఎక్కడుందో, ఎట్ల వదలాలో చూపించాడు, తాడు ఆమె మణికట్టుకు కట్టాడు. "ఈ రవ్వంత దూరానికి తాడెందుకు?" అని ఆమె అడిగింది. "దానికి అలవాటమ్మా" అన్నాడు.

సుంకులమ్మ స్కూటీ అలవాటు కొద్దీ రేసు బాగా తిప్పింది. ఇంజను అరిచేసరికి బెదిరి ఎడమ చేతి వేళ్ళు వదిలేసింది. పిల్లబండి ముక్కు లేచింది. లేచి, షెడ్డు వైపు పోవలసింది పోయి గచ్చు నడిమధ్యకు, ముందు చక్రం ఆమె రొమ్ము ఎత్తున, ఎక్కడా వంకర పోకుండా పదిహేను ఇరవై అడుగులు సాగిపోయింది. ఉరుకుందు అరుస్తూ పరిగెత్తాడు. అతడు సగం దూరం పోయేలోపలే చక్రం ఆకు రాలినట్టు కిందికి వచ్చింది, బండి ఆగింది, ఇంజను చచ్చిపోయింది. ఎవరూ ఈల వేయలేదు. ఒక్క క్షణం తర్వాత అందరూ ఒకేసారి వేశారు.

ఉరుకుందు భార్యను పట్టుకుని దించాడు. ఎక్కడన్నా తగిలిందా, తగిలిందా అని రెండుసార్లు అడిగాడు. తగల్లేదని తేలిన మరుక్షణం అతడికి అసూయ పుట్టింది. తాను ఇరవై రోజులుగా ఒక్కసారైనా రావాలని తపించినది, తన భార్యకు అడక్కుండానే దొరికింది. అట్లా అనిపించినందుకు అతడు సిగ్గుపడ్డాడు. సిగ్గుపడినా అది పోలేదు.

ఈలోగా ఉస్తాదు కుంటుకుంటూ వాళ్ళ దగ్గరికి వచ్చాడు. సుంకులమ్మ హెల్మెట్ తీసి ఆయన చేతిలో పెట్టి తిట్ల దండకం ఎత్తుకుంది. ఆయన అంతా విని, ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అడిగాడు: "ఎట్ల లేపినావమ్మా?"

"నేనెక్కడ లేపినా? అదే లేచింది!"

"మరి దించింది?"

"నేను దించల్యా. కాలు యాడ పెట్టాల్నో తెలియక తడుముకుంటాంటే ఏదో తగిలింది. అదే దిగింది."

ఉరుకుందు ఆ మాటలు గుర్తుపట్టాడు. అవి తన మాటలే. అంతకంటే ఎక్కువ తాను కూడా ఆ మంగళవారం నాడు చెప్పలేకపోయాడు. ఎవరైనా ఇప్పుడు అడిగినా చెప్పలేడు. మస్తాన్‌వలి అతడి వైపు తిరిగి, "విన్నావు కదా" అన్నాడు. అని, తాడు చుట్టి హ్యాండిలుకు తగిలించి, చేతులు కడుక్కోవడానికి కొళాయి దగ్గరికి పోయాడు.

"నేనడిగింది చెప్పకనే పోతాండాడే?" అంది సుంకులమ్మ.

"చెప్పినాడులే" అన్నాడు ఉరుకుందు.

ఆ మధ్యాహ్నమే అతడు దేవదాసుకు ఫోను చేసి, ఒకటో తేదీకి రాలేనన్నాడు. అప్పుడు వచ్చిందన్నావు కదయ్యా అని మేనేజరు విసుక్కున్నాడు. "రాలేదు సార్. వచ్చిందనుకున్నా" అన్నాడు ఉరుకుందు. అవతల ఫోను పెట్టేశారు. ఆ కంపెనీ తర్వాత వేరే మనిషిని పెట్టుకుంది. శుక్రవారం అతడు ఆటో యజమాని దగ్గరికి పోయి, నాలుగు మాటలు పడి, తాళాలు తెచ్చుకున్నాడు. నీలం చొక్కా తానే సబ్బు పెట్టి ఉతుక్కున్నాడు. సుంకులమ్మ తన కథను జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. మొదట్లో ఇరవై అడుగులున్న దూరం దసరా నాటికి గేటు నుంచి కాటా గది దాకా పెరిగింది. ఉరుకుందు దాన్ని సరిదిద్దలేదు.

ఆటో పనికి ముందు రోజూ ఒక గంట మిల్లుకు పోవడం మాత్రం అతడు మానలేదు. ఇప్పుడు పాఠం తీరు మారింది. జానెడు ఎత్తుకు లేపడం, దించడం, అంతే. లేపిన ప్రతిసారీ ఉస్తాదు ఎట్ల లేచిందని అడిగేవాడు. ఉరుకుందు "లేచింది" అంటే మళ్ళీ చేయమనేవాడు. "లేపినా" అంటే, ఏం చేసి లేపినావో చెప్పమనేవాడు. చెప్పలేకపోతే అదీ లెక్కకు రాదు. కొన్నాళ్ళు ఉరుకుందుకు ఒళ్ళు మండింది. బండి తోలడానికి వచ్చానా, కోర్టులో సాక్ష్యం చెప్పడానికి వచ్చానా అని తోటివాళ్ళ దగ్గర గొణిగాడు. కానీ చెప్పవలసి వస్తుందన్న భయానికి, చేస్తున్నప్పుడే తన చేతినీ కాలినీ గమనించడం మొదలుపెట్టాడు. క్లచ్చి సగానికి వదిలినప్పుడు వేళ్ళకు తెలిసే ఆ చిన్న అదురు, ఇంకొంచెం ఎత్తితే వెనక్కి పడతానని నడుముకు ముందే తెలిసిపోవడం, అప్పుడు కుడి పాదం బ్రేకు మీద ఎంత బరువు వేయాలన్నది, ఒక్కొక్కటిగా పట్టుబడ్డాయి. జానెడు మూరెడయింది. మోకాలెత్తు నడుమెత్తయింది. ఒక్కొక్క వారం ఏమీ పెరిగేది కాదు. వర్షాలకు గచ్చు తడిసి పది రోజులు పోయాయి. ఒకసారి మణికట్టు బెణికి, నెల రోజులు ఆటో తోలడమే కష్టమయింది.

కార్తీకంలో ఒక చలి పొద్దున అతడు పిల్లబండిని గేటు దగ్గర లేపి కాటా గది దగ్గర దించాడు. ఆ రోజు తోటివాళ్ళు ఇంకా రాలేదు. తిరిగి వచ్చి మళ్ళీ లేపాడు, మళ్ళీ దించాడు. పదిసార్లు అయ్యేసరికి ఎండ గచ్చు మీదికి వచ్చింది. ఈలలు లేవు. ఉరుకుందు బండి దిగి, చైను కాస్త వదులైంది ఉస్తాద్ అన్నాడు. మస్తాన్‌వలి వంగి చైను చూశాడు. చూస్తూనే అడిగాడు.

"ఎట్ల లేపినావు?"

"క్లచ్చి సగం దాకా వదిలి, రేసు ఇచ్చి, ఒళ్ళు వెనక్కి వాల్చి లేపినా."

"ఎట్ల దించినావు?"

"రేసు తగ్గించి, పాదంతో బ్రేకు రవ్వంత తాకి దించినా."

"నడుమ?"

ఉరుకుందు ఆలోచించాడు. లేపడానికీ దించడానికీ నడుమ సంగతి ఇన్నాళ్ళూ ఉస్తాదు అడగలేదు. ఏదో ఒకటి కల్పించి చెప్పవచ్చు, ఆయనకు నచ్చే మాటలు ఇప్పుడు అతడికి బాగానే తెలుసు. కానీ అలా చెప్పడానికి నోరు రాలేదు.

"నడుమ నేనేం చెయ్యల్యా ఉస్తాద్. అదే పోయింది" అన్నాడు, మళ్ళీ మొదటినుంచి చేయమంటాడని ఎదురుచూస్తూ.

మస్తాన్‌వలి మోకాలు పట్టుకుని నిదానంగా లేచి నిలబడ్డాడు. గేటు నుంచి కాటా గది దాకా ఉన్న గచ్చును కాసేపు చూశాడు.

"అది నాకూ తెల్దు నాయనా" అన్నాడు. "దానికోసమే ముప్పై ఏండ్లు తిరిగినా."