మూడు కేకలు, ఒక బిళ్ళ

విశ్వపతిగారిని ఏ ప్రశ్న అడిగినా వెంటనే జవాబు చెప్పరు. "ఆడించి చూద్దాం" అంటారు. కాకినాడలో ఒక పిండిమర పైన ఆయనకు రెండు గదులున్నాయి. అక్కడ పదిహేనేళ్ళుగా వీడియో గేములు తయారుచెయ్యడం నేర్పుతున్నారు. కింద మర తిరుగుతుంటే పైన నేల సన్నగా అదురుతుంది. మధ్యాహ్నానికల్లా కీబోర్డుల మీద బియ్యప్పిండి పొర పడుతుంది. శిష్యులకు ఆయన పెట్టిన నియమం ఒక్కటే. ఏ పని మీద గేము చేస్తే, ఆ పని చేసి చేతులు కాయలు కాసిన మనిషి చేత దాన్ని మూడు రోజులు ఆడించాలి. తయారుచేసినవాళ్ళు పక్కనే కూర్చోవాలి, అడిగితే తప్ప నోరు విప్పకూడదు. వంట గేము చేసిన ఒకతను పెళ్ళిళ్ళ వంటమాస్టరును తెచ్చి కూర్చోబెట్టాడు. ఆయన పెట్టిన చివాట్లకు గేము సగం తిరగరాసుకున్నాడు.

లిఖితా నేనూ రెండేళ్ళు కష్టపడి ఒక రేవు గేము చేశాం. గోదావరి పాయ మీద ఒక పడవ. ఆడేవాడే పడవవాడు. తెల్లవారినప్పటి నుంచి పొద్దు గూకేదాకా మనుషుల్ని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చేర్చాలి, అంతే. బొమ్మలూ మాటలూ లిఖితవి, ప్రోగ్రాము నాది. దాన్ని జనంలోకి తీసుకువెళ్తానన్న కంపెనీ ఒక షరతు పెట్టింది. మెడళ్ళు ఉండాలి. గేములాడే అలవాటు లేనివారికోసం చెబుతున్నాను. ఆటలో ఫలానా పని చెయ్యగానే తెర మూలన చిన్న బిళ్ళ మెరిసి, టింగుమని మోగి, మిమ్మల్ని మెచ్చుకుంటుంది. ఆ బిళ్ళలు మీ పేరు కింద వరసగా పేరుకుంటాయి. వాటివల్ల ఆటలో మీకు అదనంగా ఒరిగేదేమీ లేదు. అయినా వాటికోసం తిండి మానేసి కూర్చున్నవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళలో నేనొకణ్ణి.

అందుకే ఎంతో ఇష్టంగా ముప్పై బిళ్ళలు తయారుచేశాను. లిఖితకు ఒళ్ళు మండింది. "ఆడినందుకు కూలి ఇస్తే అది ఆటెలా అవుతుంది? పనవుతుంది" అంది. "నువ్వు గీసిన లంకలూ పిట్టలూ ఎవరో ఒకరు దారి చెప్పకపోతే ఎవడు చూస్తాడు? గంట ఆడి మూసేస్తారు" అన్నాను నేను. ఇద్దరికీ పది రోజులు మాటల్లేవు. శుక్రవారం మధ్యాహ్నంలోపు మా నిర్ణయం చెప్పకపోతే కంపెనీ గేమును తీసుకోదు. అప్పుడు రెండేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరే. చివరికి బుధవారం పొద్దున్నే ఇద్దరం పిండిమర మెట్లెక్కాం.

"మాస్టారూ, మెడళ్ళు ఆటను బాగుచేస్తాయా, చెడగొడతాయా?" అని అడిగింది లిఖిత.

"పడవవాడు దొరికాడా?" అన్నారు విశ్వపతిగారు. దొరికారని చెప్పాం. "మొదటి రోజు బిళ్ళలు లేకుండా ఆడించండి. రెండో రోజు బిళ్ళలతో. మూడో రోజు ఆయన ఇష్టం."

మాకు దొరికిన మనిషి ఓలేటి తాతారావుగారు. అరవై దాటాయి. కోనసీమలో ఒక రేవులో ముప్పై నాలుగేళ్ళు పడవ నడిపారు. మూడేళ్ళ కిందట వంతెన వచ్చింది, పడవ ఒడ్డెక్కింది. ఆయన కాకినాడలో కూతురి దగ్గరకు వచ్చేశారు. జాయ్‌స్టిక్ చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "పడవ తోసే గెడ కంటే తేలిగ్గానే ఉందండి" అన్నారు. అది అలవాటు కావడానికి మాత్రం అరగంట పట్టింది.

ఆ రోజు ఆయన అయిదే అయిదు సార్లు దాటించారు. పడవ సగం నిండినా కదిలేవారు కాదు. ఎదురుగా ఖాళీ గట్టు చూస్తూ కూర్చునేవారు. ఎందుకలా ఆగుతున్నారో అడగాలని నా నాలుక దురదపెట్టింది, కానీ నియమం అడ్డొచ్చింది. తెర మీద పొద్దు వాలింది. ఇక ఆఖరి దాటింపు ఉందనగా ఆయన జాయ్‌స్టిక్ ఒళ్ళో పెట్టుకుని, అరచేతులు నోటికి అడ్డం పెట్టుకుని, తెర వైపు చూస్తూ గట్టిగా కేకేశారు.

"ఓ...య్! ఆఖరి పడవ! ఎవరన్నా ఉన్నారా, ఓ...య్!"

అలా మూడు సార్లు. కింద మర ఆగిపోయింది. మర నడిపే అతను ఒంటినిండా పిండితో మెట్లెక్కి వచ్చి, ఎవరికేమైందని అడిగాడు. తాతారావుగారు సిగ్గుపడిపోయారు. "ఏమనుకోకండి. మా రేవులో ఆఖరి దాటింపుకి ముందు మూడు కేకలెయ్యాలండి. మూడో కేకకి మనిషి పలికితే, నడిచొచ్చి ఎక్కేదాకా ఆగాలి. మా అయ్య నేర్పిందదేనండి. వచ్చేశామనుకోండి, ఆ మనిషి తెల్లారేదాకా గట్టు మీదే కదండి."

లిఖిత నియమం మరిచిపోయింది. "బాబాయ్, పిలవడానికి మీట ఉంది!" అని అరిచినంత పని చేసింది. చిన్నప్పుడు అమ్మమ్మతో పడవెక్కినప్పుడు విన్న కేకట. మొదటి నెలలోనే గేములో పెట్టింది. ప్రోగ్రాము రాసిన నేను అలాంటి మీట ఒకటుందనే మరిచిపోయాను. తాతారావుగారు దాన్ని మూడు సార్లు నొక్కారు. తాడిచెట్ల వెనక నుంచి సన్నగా ఒక గొంతు పలికింది. నెత్తిన బుట్టతో ఒక ముసలావిడ మెల్లగా నడుచుకుంటూ వచ్చింది. ఆమె గట్టు చేరడానికి మూడు నిమిషాలు పట్టింది. గేములో మూడు నిమిషాలంటే యుగం. ఆయన కదలకుండా చూశారు. ఆవిడ పడవెక్కి, "నా కోసం ఆగావా నాయనా" అంది. "ఆయ్, కూచో అమ్మా" అని ఈయన తెరకు బదులు చెప్పారు.

ఆ తర్వాత జాయ్‌స్టిక్ బల్ల మీద పెట్టేశారు. "బాగుందమ్మా, ఉన్నదున్నట్టుంది. కానీ నాకు తెలిసిన రేవే కదా" అని లేచారు. మొత్తం గంటా పది నిమిషాలు. నేను గడియారం వైపు చూసి, తర్వాత లిఖిత వైపు చూశాను. ఆమె కిటికీలోంచి వీధిలోకి చూస్తోంది.

గురువారం బిళ్ళలతో పెట్టాం. మొదటి దాటింపుకే టింగుమంది. "ఏంటండది?" అన్నారు ఉలిక్కిపడి. బిళ్ళ, మీకే వచ్చింది అని చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "బళ్ళో చదివినన్నాళ్ళూ నాకెవరూ బిళ్ళ ఇవ్వలేదండి" అన్నారు. ఇంకా ఏమేమి ఉన్నాయో చదివి చెప్పమన్నారు. లంకను చుట్టి వస్తే ఒకటుందని చెప్పగానే పడవను అటు తిప్పారు. లంక వెనక మామిడికొమ్మ ఒకటి నీళ్ళ మీదకు వంగి ఉంటుంది. దాని మీద లకుముకి పిట్టలు బారుగా కూర్చుని ఉంటాయి. లిఖిత ఆ ఒక్క చోటు గియ్యడానికి నెల తీసుకుంది. తాతారావుగారు పడవ ఆపి చాలాసేపు చూశారు. "ఈ చోటు నిన్నెందుకు చూపించలేదమ్మా?" అన్నారు. నిన్న కూడా అది అక్కడే ఉంది. నా ఛాతీ రెండంగుళాలు పొంగింది. లిఖిత నోరు విప్పకూడదు కనక ఒక కాగితం ముక్క మీద "ఒప్పుకున్నాను" అని రాసి నా వైపు తోసింది.

ఆయన ఆ రోజు మూడు గంటలు కదల్లేదు. టీ తెస్తే చల్లారిపోయింది. తెర మీద పొద్దు వాలే వేళకు ఒక పెద్ద బిళ్ళ మిగిలింది. ఒక్క రోజులో పది దాటింపులు. బంగారు రంగుది, నేను అన్నిటికంటే మోజుపడి తయారుచేసింది. తొమ్మిదయ్యాయి. పదోదానికి పడవ అవతలి గట్టు తాకిందో లేదో, ఎక్కినవాళ్ళను ఎక్కించుకుని ఆయన వెనక్కి తిప్పేశారు. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, ఒళ్ళంతా ముందుకు వంచి తోస్తున్నారు. సూర్యుడు సగం మునిగాడు. పడవ ఇవతలి ఒడ్డు తాకింది. టింగు!

నేను నియమం గాలికొదిలి చప్పట్లు కొట్టాను. తాతారావుగారు రెండు చేతులూ పైకెత్తి పకపకా నవ్వారు. తెర మీద కుడి వైపు కింది మూలన బిళ్ళ నాలుగు సెకన్లు ఉంటుంది. ఆ మూల నేను ఏరి పెట్టిందే. అక్కడ ఎప్పుడూ ఏమీ ఉండదని నా లెక్క. బిళ్ళ కరిగిపోయింది. దాని కింద అవతలి గట్టు కనబడింది. గట్టు మీద, నెత్తిన బుట్టతో, ముసలావిడ నిలబడి ఉంది. పిలిచినా పిలవకపోయినా ఆవిడ రోజూ ఆ వేళకు బయల్దేరుతుంది. అంతలో పొద్దు గూకింది, తెర చీకటైంది.

ఆయన ఎత్తిన చేతులు మెల్లగా దిగాయి. "కేకెయ్యలేదండి నేను" అన్నారు. ఎవరికి చెబుతున్నారో తెలియలేదు. ఫరవాలేదండీ అన్నాను. ఆయన చెప్పులు తొడుక్కుని, రేపొస్తానని చెప్పి, టీ ముట్టుకోకుండా వెళ్ళిపోయారు.

శుక్రవారం పొద్దున మేము వచ్చేసరికి తాతారావుగారు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. పెద్దమనుషుల ముందు ఏదో తేల్చుకోవడానికి వచ్చినవాడిలా ఉన్నారు. నేరుగా నన్నే అడిగారు.

"బాబూ, నిన్నటి ఆ పెద్ద బిళ్ళ వెనక్కి తీసుకుంటారా?"

"ఒకసారి వచ్చింది పోదండి. వెనక్కిచ్చే ఏర్పాటు మేం పెట్టలేదు."

"ఎందుకు పెట్టలేదండి?"

బిళ్ళ ఎలా సంపాదించాలో ముప్పై రకాలుగా ఆలోచించినవాణ్ణి నేను. ఇచ్చినదాన్ని ఒక మనిషి వద్దంటాడని నాకు ఒక్కసారీ తోచలేదు. లిఖిత మెల్లగా సర్దిచెప్పబోయింది. "ఆట కదా బాబాయ్. ఆవిడ ఉత్త బొమ్మ. ఇవాళ సాయంత్రం మళ్ళీ వస్తుంది."

"వస్తుందమ్మా. నిన్న కూడా వచ్చింది కదా" అన్నారు తాతారావుగారు. "ముప్పై నాలుగేళ్ళమ్మా. వానలో, గాలిలో, జొరంతో కూడా గట్టు మీద ఒక్క మనిషిని వదిలి రాలేదు. నా పడవ పోయినా ఆ మాట నాకుండేది."

లిఖిత కళ్ళు నిండాయి. ఆమె ఏడవడం నేను రెండేళ్ళలో ఎప్పుడూ చూడలేదు. "నాలుగు నెలల నుంచి పరీక్ష కోసం ఈ గేము రోజూ ఆడుతున్నాను" అంది నాతో. "జాబితా పట్టుకుని ఒక్కో బిళ్ళా వస్తుందో లేదో చూడటం, టిక్కు పెట్టడం. ఆవిణ్ణి గీసింది నేను. నేనే ఒక్కసారీ ఎక్కించుకోలేదు." మాకిద్దరికీ సిగ్గుగానే ఉంది. నాకు రెండింతలు.

విశ్వపతిగారు కుర్చీ తెచ్చి తెర ముందు వేశారు. "మూడో రోజు మీ ఇష్టం తాతారావుగారూ. బిళ్ళలు ఉంచమంటారా, తీయించమంటారా?"

"ఉంటే ఉన్నాయిలెండి. లంక చూపించింది అవే కదండి" అని కూర్చుని, జాయ్‌స్టిక్ అందుకున్నారు.

ఆట మొదలైంది. మధ్యలో రెండు చిన్న బిళ్ళలు టింగుమన్నాయి. ఆయన తల తిప్పలేదు. నాకు మాత్రం బుర్ర ఊరుకోలేదు. విశ్వపతిగారి పక్కకు జరిగి, "మాస్టారూ, బిళ్ళను కింది మూల నుంచి పై మూలకు జరిపేస్తే సరిపోతుంది కదండీ? అప్పుడు గట్టు కనబడుతుంది" అన్నాను. ఆయన నా వైపు చూశారు. నేను వెనక్కి వచ్చి నా స్టూలు మీద కూర్చున్నాను.

మధ్యాహ్నం పన్నెండు కావస్తోంది. కింద మర తిరుగుతూనే ఉంది. తెర మీద పొద్దు తాడిచెట్ల దాకా దిగింది. దాటింపులు నాలుగే అయ్యాయి. అవతలి గట్టు దగ్గర పడవ ఆగి ఉంది. తాతారావుగారు మీట నొక్కలేదు. జాయ్‌స్టిక్ ఒళ్ళో పెట్టుకుని, అరచేతులు నోటికి అడ్డం పెట్టుకుని, మొదటి కేక వేశారు. ఈసారి మర నడిపే అతను పైకి రాలేదు, మర మాత్రం ఆపేశాడు. సరిగ్గా అప్పుడే లిఖిత చేతిలో ఫోను మోగింది. కంపెనీ వాళ్ళు. ఆమె ఫోను పట్టుకుని విశ్వపతిగారి దగ్గరకు పరుగెత్తింది.

"మాస్టారూ, ఏం చెప్పను? ఉంచాలా, తీసెయ్యాలా?"

విశ్వపతిగారు తెర మీద నుంచి చూపు తిప్పలేదు.

"ఇంకా రెండు కేకలున్నాయి. ఆవిడ ఎక్కాక మాట్లాడు."