కిల్‌మార్సలి ఉత్తరపు గోడలోని కంత

స్కాట్లండు ఉత్తర కొండసీమలో, చెట్టన్నది లేని బురదమైదానం అంచున కిల్‌మార్సలి అనే చిన్న రాతిగుడి ఉంది. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గుడి ఇది. గోడ అని మనం చూసేది నిజానికి రెండు గోడలు. నడుమ సందులో మట్టి, గులకరాళ్ళు కూరారు. గాలి ఒరుసుకుని జారిపోయేలా మూలలను గుండ్రంగా తిప్పారు. పచ్చికపెళ్ళల కప్పును తాళ్ళతో బిగించి, తాళ్ళ కొసలకు బండరాళ్ళు వేలాడగట్టారు. ద్వారం ఎంతటివారైనా వంగవలసినంత పొట్టిది. ఉత్తరపు గోడలో రొమ్మెత్తున, జానెడు వెడల్పున ఒక కంత ఉంది. అది కట్టినవారి పొరపాటు కాదు.

పూర్వం ఇక్కడ మార్సలి అనే ఇల్లాలు ఉండేది. ఆమె భర్త ఐవర్ ఒకనాడు పొయ్యిలో కట్టెల్లా మండే ఎండు మట్టిపెళ్ళలు కోసుకురావడానికి మైదానంలోకి వెళ్ళాడు. మిట్టమధ్యాహ్నం పొగమంచు దిగింది. అది విడిచేసరికి పార ఉంది, మనిషి లేడు. ఊరంతా పది రోజులు వెదికి మానుకుంది. మార్సలి మానలేదు. మూడు పూటలా గడపలో నిలబడి అతన్ని పేరు పెట్టి పిలిచేది. రెండు కంచాలు పెట్టేది.

మరుసటి వేసవిలో ఆమె అన్న గిల్లిస్, చెల్లెలి మనసు కుదుటపడాలని, ఈ గుడి కట్టడానికి పూనుకున్నాడు. ఆ సీమలో అతను కట్టిన గోడ కదలడం ఎవరూ ఎరుగరు. కూలీలతో పాటు మార్సలి కూడా రాళ్ళు మోసేది. మూడు గోడలు సాఫీగా లేచాయి. ఉత్తరాన మాత్రం, లోపలి గోడనూ బయటి గోడనూ కలిపే పొడుగురాయి ఒకటి నిలవలేదు. ఎంత బిగించినా, భోజనాలకు వెళ్ళి వచ్చేసరికి లోపలి నేలమీద పడి ఉండేది. వాన చినుకు లేకపోయినా దాని బయటి కొస తడిసి ఉండేది.

"బయటినుంచి ఎవరో నెడుతున్నారు చెల్లెమ్మా," అన్నాడు గిల్లిస్, గొంతు తగ్గించి.

ఆ వారంలోనే మార్సలికి కల వచ్చింది. ఎప్పుడో కన్నుమూసిన అత్తగారు కనబడి, "అమ్మాయీ, నువ్వు పిలుస్తుంటే వాడు నడుస్తూనే ఉన్నాడు. తాను పోయిన సంగతి వాడికి తెలియదు. నువ్వే చెప్పు. రమ్మని మాత్రం అనకు. అలా వచ్చేది నా కొడుకు కాదు," అంది.

మర్నాడు మధ్యాహ్నం పొగమంచు కమ్మింది. అందరూ భోజనాలకు వెళ్ళారు. మార్సలి గుడిలో ఒంటరిగా ఉండిపోయింది. చూస్తుండగానే పొడుగురాయి గరగరమంటూ లోపలికి జరిగి, కింద పడింది.

"మార్సలీ, దారి కనబడటం లేదు. ఎటు?"

అది ఐవర్ గొంతే. ఆమె ఆగలేక కంతలోకి చెయ్యి చాచింది. తడి వేళ్ళు ఆ చేతిని పట్టుకున్నాయి. ఆ చలి ఎముకల్లోకి పాకింది. రమ్మనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. పెదవి కొరుక్కుని దాన్ని మింగింది.

"ఐవర్, నువ్వు చనిపోయావు. ఏడాదయింది. ఇక నడవకు. కూర్చో."

ఆ వేళ్ళు ఆమె చేతిని ఇంకా గట్టిగా పట్టుకున్నాయి.

"ఏడాదా? అందుకేనా నాకు ఆకలి వేయనిది?"

"అందుకే."

వేళ్ళు ఒక్కొక్కటిగా వదులయ్యాయి.

మంచు విడిచాక గిల్లిస్ గోడ అవతలికి వెళ్ళి చూశాడు. కంతకు ఎదురుగా, ఇరవై అడుగుల దూరంలో, కూలీలు రోజూ రాళ్ళు ఏరుతూ తిరిగిన చోటే ఐవర్ కూర్చుని ఉన్నాడు. నిన్ననే పోయినట్టుంది ముఖం. అరికాళ్ళు మాత్రం ఎముకదాకా అరిగిపోయి ఉన్నాయి.

అతన్ని ఆ గోడ పక్కనే పూడ్చారు. గిల్లిస్ మళ్ళీ ఆ కంత జోలికి పోలేదు. మార్సలి బతికినంతకాలం ఈ గుడిని కనిపెట్టుకుని ఉంది. అక్కడి పాత భాషలో కిల్ అంటే గుడి. అందుకే ఇది కిల్‌మార్సలి అయింది.

సముద్రంలోనో, కొండల్లోనో, యుద్ధాల్లోనో అయినవారు పోయి, దేహం దొరకనివారు నేటికీ ఇక్కడికి వస్తారు. కంత ముందు నిలబడి పోయినవారి పేరు చెప్పి, "నువ్వు పోయావు, ఇక కూర్చో," అని ఒక్కసారి పలుకుతారు. నోరు జారి రమ్మనకుండా, ఇంటివారొకరు వెనుక నిలిచి భుజం పట్టుకుంటారు. ఇలా పలికిన ఇంట కలత తీరి కంటినిండా నిద్ర పడుతుందనీ, పోయినవారికి నడక తప్పుతుందనీ నమ్మకం. మాట పూర్తిగా పలకలేక ఏడ్చి వెనుదిరిగేవారే ఎక్కువ. వారికోసం ఈ ద్వారం మరుసటి ఏడూ తెరిచి ఉంటుంది.