కన్నారమ్మ చెంప పగిలిన వైనం

తూర్పు కనుమల అంచున, గోగుచేలకూ జీడితోటలకూ నడుమనున్న జీలుగువలసలో శ్రీ కన్నారమ్మ తల్లి కొలువై ఉన్నది. ఈ గుడికి గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. పెంకులు కప్పిన చిన్న గర్భగృహం, దాని ముందు నూర్పిడి కళ్ళమంత వాకిలి. గుడికన్నా వాకిలి పెద్దదేమిటని కొత్తగా వచ్చినవారు అడుగుతుంటారు. దీపావళి సాయంత్రం ఒక్కసారి వచ్చి చూస్తే ఆ అనుమానం తీరిపోతుంది. ఆ పూట ఈ వాకిలి కూడా చాలదు.

అమ్మవారు మోకాలెత్తు నల్లరాయి. చేతులు లేవు, ఆయుధాలు లేవు, వాహనం లేదు. ఉన్నవల్లా చారడేసి కళ్ళు. ఎడమ చెంప మీద పైనుంచి కిందికి ఒక పగులు ఉన్నది. ఆ పగులు పక్కన భక్తులు పెట్టిన కాటుక చుక్క తరతరాలుగా పేరుకుని గట్టిపడి ఉన్నది. భిన్నమైన విగ్రహానికి పూజ ఎలా చేస్తున్నారని శాస్త్రం తెలిసిన యాత్రికులు నొసలు చిట్లిస్తారు. కొన్నేళ్ళ కిందట ఒక పెద్దమనిషి పాలరాతి విగ్రహం చేయించి ఇస్తానని కూడా అన్నారు. ఊరివారు ఆయనకు కడుపునిండా పులిహోర పెట్టి, దారి వరకూ వచ్చి సాగనంపారు. ఆ పగులు లేకపోతే అమ్మవారికి ఈ పేరు లేదు, ఈ ఊరికి పండగ లేదు. ఆ సంగతి తెలియజేయడానికే ఈ చిన్న పుస్తకం.

పూర్వం ఇక్కడ దీపావళి అంటే పిల్లల పండగే. బాణసంచా ఇంకా పల్లెలకు రాని కాలమది. నార తీసిన గోగుకాడల చివర గుడ్డవత్తులు కట్టి, ఆముదంలో ముంచి వెలిగించి పిల్లల చేతికిచ్చేవారు. పిల్లలు పాట పాడుతూ వాటిని నేలకేసి కొట్టేవారు. కొట్టిన ప్రతిసారీ నిప్పురవ్వలు మోకాళ్ళ దాకా లేచేవి. దీన్నే దివిటీలు కొట్టడం అంటారు. వత్తులు కొండెక్కాక కాళ్ళు కడుక్కుని, వెనక్కి చూడకుండా లోపలికి వెళ్ళి తీపి తినాలి. ఆ కాసేపూ పెద్దలకు వేరే లోకం ఉండేది కాదు. పొద్దంతా చేలో నడుము విరిగేలా పనిచేసిన తండ్రి కూడా గుమ్మంలో నిలబడి, తన కొడుకు దివిటీ పక్కింటి పిల్లవాడి దివిటీ కన్నా ఎత్తుగా లేచిందని మీసం దువ్వుకునేవాడు. తల్లులకైతే పొయ్యి మీద పాకం మాడిపోయినా తెలిసేది కాదు. కన్నవారి సంతోషానికి కారణం అక్కర్లేదు కదా. పిల్లలు ఎదురుగా ఉంటే చాలు.

ఒక ఏడు పండగ మరునాడు ఊళ్ళో జ్వరాలు మొదలయ్యాయి. పసిపిల్లలు పిట్టల్లా రాలిపోయారు. కడుపుకోత పడిన ఊరికి ఏదో ఒక కారణం కావాలి. అది లేకపోతే దుఃఖం ఎటు తిప్పుకోవాలో తెలియదు. గ్రామపెద్ద లక్ష్మునాయుడు తన ఇద్దరు మనవలను పోగొట్టుకున్నవాడు. ఆయనే రచ్చబండ దగ్గర ఆ మాట అన్నాడు.

"నరుడి కంటికి నల్లరాయి పగులుద్దంటారు. పండగపూట మనఁవే కదా, మన కడుపున పుట్టిన గుంటల్ని కళ్ళు తిప్పకండా సూసినాం. పరాయోల దిష్టికి మందుంది గానీ, కన్నోల దిష్టికి మందు నేదు."

ఎవరూ కాదనలేదు. నిజానికి ప్రతి తల్లికీ ప్రతి తండ్రికీ ఆ సాయంత్రం తాము ఎంత మురిసిపోయారో గుర్తుంది. గుర్తుండటమే వారికి నేరమనిపించింది. నాటినుంచి ఊళ్ళో కట్టుబాటు వెలిసింది. దివిటీలు వెలిగించి ఇవ్వాలి, వెంటనే పెద్దలందరూ గోడవైపు తిరిగిపోవాలి. చివరి వత్తి ఆరేవరకూ ఎవరూ తిరిగి చూడకూడదు.

పిల్లలను ఆడవద్దని ఎవరూ అనలేదు. చూసేవారే లేరు, అంతే. రెండేళ్ళు గడిచేసరికి పాట సగంలో ఆగిపోసాగింది. మూడో ఏడు పిల్లలు దివిటీ ఒకసారి నేలకు తాటించి, నీళ్ళ తొట్టిలో ముంచి వచ్చేశారు. పళ్ళెంలో తీపి అలాగే మిగిలిపోయింది. పెద్దలు మాత్రం జ్వరాలు రాలేదు కదా అని గుండెల మీద చెయ్యి వేసుకున్నారు.

ఆ ఊరిలోనే సన్యాసయ్య, గవరమ్మ అనే దంపతులు ఉండేవారు. గోగు సాగు చేసుకుని బతికేవారు. జ్వరాల ఏడు వారి ఇద్దరు పిల్లలూ పోయారు. తర్వాత ఆడపిల్ల పుడితే, ఆ పిల్లైనా దక్కాలని ఆచారం ప్రకారం పొరుగింటి ముసలమ్మకు గుప్పెడు తవుడుకి అమ్మి, మళ్ళీ కొనుక్కుని, తవిటమ్మ అని పేరు పెట్టారు. ఊరివారు ఏడాదికి ఒక్క సాయంత్రమే గోడవైపు తిరిగేవారు. గవరమ్మ ఏడాది పొడుగునా తిరిగే ఉండేది. పిల్లకు వెనకనుంచే జడ వేసేది. నీళ్ళు పోస్తే నీళ్ళకేసి చూసేది, అన్నం పెడితే ముద్దకేసి చూసేది. పిల్ల నిద్రపోతే దీపం ఆర్పేశాకే దగ్గర పడుకునేది. తన బిడ్డ ముక్కు ఎవరి పోలికో ఆ తల్లికి తెలియదు. వాకిట్లో పడ్డ చిన్న అడుగుల గుర్తులు మాత్రం చెరగకుండా, వాటి చుట్టూ ఊడ్చేది. ఎంత నిగ్రహం గల ఇల్లాలో అని ఊరంతా ఆమెను మెచ్చుకున్నారు.

తవిటమ్మ అయిదో ఏట అన్నం మానేయసాగింది. రోజురోజుకీ పుల్లలా అయిపోయింది. ఒకనాడు జడ వేయించుకుంటూ అడిగింది.

"అమ్మా, నాను బాగోనేటి?"

"అలగంటావేటే?"

"మరి నాకాసి సూడవు గదా."

గవరమ్మ జడ చివర ముడి వేసింది. తానెంత జాగ్రత్తగా ఉన్నా ఎప్పుడో ఓరగా చూసిన చూపే పిల్లకు తగిలి ఇలా చిక్కిపోతున్నదని ఆమెకు అర్థమైంది. అర్థమైందని అనుకుంది. పిల్ల బతకాలంటే తన నీడ కూడా పడకూడదని నిశ్చయించుకుని, దీపావళి వెళ్ళగానే కొండ అవతలి ఊళ్ళో ఉన్న చెల్లెలి ఇంటికి శాశ్వతంగా పంపేద్దామని భర్తతో చెప్పింది. ఆ రోజు సన్యాసయ్య కూడా అన్నం తినలేదు.

పండగ ముందు రోజు మధ్యాహ్నం గవరమ్మ ఊరబెట్టిన గోగుకు నార తీస్తూ, గోగుమోపులకు ఆనుకుని కునుకు తీసింది. కలలో చారడేసి కళ్ళున్న నల్లని ముత్తైదువ ఎదురుగా గొంతుకు కూర్చుని ఆమెతో పాటు నార తీస్తూ కనిపించింది. చేతిలో పని ఆపకుండానే మాట్లాడింది.

"ఏటే అమ్మీ, నానిచ్చిన కళ్ళు మూసుకోడానికేటి? ఆ గుంటకి ఆకలి అన్నానికి కాదే, నీ సూపుకి. దిష్టి నాకిచ్చీ, సూపు దానికియ్యి. ఈ మోపుల కిందే ఉన్నాను, లేపండి."

మెలకువ రాగానే గవరమ్మ భర్తను పిలిచింది. ఇద్దరూ మోపులు తొలగించి తవ్వితే, బురదలో ఈ రెండు కళ్ళ రాయి బయటపడింది. సన్యాసయ్య దాన్ని భుజానికెత్తుకుని తెచ్చి, ఇళ్ళ నడుమ పిల్లలు దివిటీలు కొట్టే ఈ వాకిట్లోనే, ఇప్పుడు గుడి ఉన్నచోట దించాడు. లక్ష్మునాయుడు వచ్చి చూసి, భక్తిగా దండం పెట్టాడు. కల మాట మాత్రం చెవిన పెట్టలేదు.

"ఒరే సన్నాసీ, అమ్మోరు దొరికింది, మంచిదే. గుడి కడదాం. గానీ మిట్టమజ్జాన్నం కలలు మజ్జిగన్నం కలలురా. కట్టుబాటు కట్టుబాటే."

ఆయనను తప్పుపట్టే పని లేదు. పోయిన మనవల పేర్లు ఆయన నోట రోజుకొకసారైనా వచ్చేవి.

మరునాడు పొద్దు వాలింది. వాకిట్లో పిల్లలకు దివిటీలు వెలిగించి ఇచ్చారు. పెద్దలందరూ ఎప్పటిలాగే గోడలవైపు తిరిగారు. గవరమ్మ కూడా తిరిగింది. గోడవైపే ఉంటే బిడ్డ తనకు దూరమవుతుంది. చూస్తే, కల అబద్ధమైతే, బిడ్డ అసలే ఉండదు. అంతకుముందు ఇద్దరిని మట్టిలో పెట్టిన తల్లికి ఒక మధ్యాహ్నపు కలను నమ్మడం ఎంత కష్టమో కడుపున పుట్టినవారున్న ప్రతివారికీ తెలుసు.

తక్కిన పిల్లలు దివిటీలు తాటించి తొట్టివైపు నడవసాగారు. తవిటమ్మ మాత్రం దివిటీ పట్టుకుని కదలలేదు. వత్తి సగం కాలిపోయింది. అప్పుడు తల్లి వెనకనుంచి ఆ పిల్ల గొంతు వినిపించింది. అందులో అలక లేదు, ఏడుపు లేదు.

"అమ్మా, సూత్తన్నావా? రేపు పిన్నింటికి ఎల్లిపోతాను గదా. ఇప్పుడొక్కసారి కొడతాను."

గవరమ్మ కంటి కాటుక వేలితో తీసింది. కళ్ళు మూసుకునే వెళ్ళి, తడుముకుంటూ నల్లరాతి చెంప మీద చుక్క పెట్టింది. "తల్లీ, నా కంట్లో ఎంత ముదనష్టం ఉన్నా నీదే బాద్యత" అన్నది. తర్వాత తిరిగి, కళ్ళు తెరిచి తన బిడ్డను చూసింది. ముక్కు తన తల్లిదే. బుగ్గ మీద సొట్ట సన్యాసయ్యది. పోయిన పెద్దపిల్లాడి నవ్వు ఆ ముఖం మీద ఉన్నది. అయిదేళ్ళ చూపు ఒక్కసారిగా చూసింది. కన్నారా చూసింది.

"సూత్తన్నానే అమ్మా" అన్నది.

తవిటమ్మ దివిటీ ఎత్తి నేలకు కొట్టింది. రవ్వలు ఆ పిల్ల తలకన్నా ఎత్తుకు లేచాయి. సరిగ్గా అప్పుడే ఎండిన చింతకొమ్మ విరిగినట్టు పెద్ద చప్పుడైంది. గోడలవైపున్న వారందరూ ఉలిక్కిపడి తిరిగి చూశారు. నల్లరాతి ఎడమ చెంప పైనుంచి కిందికి పగిలి ఉన్నది. తవిటమ్మ మాత్రం పాట అందుకుని దివిటీ కొడుతూనే ఉన్నది.

నరుడి కంటికి నల్లరాయి పగులుతుందన్న సామెత నిజమే. పగలడానికి సిద్ధపడి అమ్మవారే రాయై వచ్చింది.

అలా తిరిగినవారు రాయిని ఒక్క క్షణమే చూశారు. ఆ తర్వాత వారి కళ్ళు పిల్లల మీద పడ్డాయి, ఇక మళ్ళలేదు. ఇన్నేళ్ళుగా పండగపూట తమ పిల్లల ముఖాలు ఎలా ఉంటున్నాయో వారికి అప్పుడే తెలిసింది. పెద్దలు చూస్తున్నారని గ్రహించగానే తొట్టి దగ్గరున్న పిల్లలు వెనక్కి పరుగెత్తుకొచ్చారు, ఆరిన దివిటీలు మళ్ళీ వెలిగించమన్నారు. లక్ష్మునాయుడు నేల మీద చతికిలబడి, మిగిలిన ఒక్క మనవడినీ చూస్తూ పైపంచె నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. ఆ మనవడు తాత ఎదుటే నిలబడి దివిటీ కొట్టాడు. ఊళ్ళో ఉన్న ఆముదమంతా ఆ సాయంత్రమే అయిపోయిందని చెబుతారు.

మరునాడు తెల్లవారి ప్రతి తల్లీ ముందు పిల్లల నుదురు తడిమి చూసింది. ఒక్కరికీ ఒళ్ళు వెచ్చబడలేదు. తవిటమ్మ చద్దన్నం రెండుసార్లు పెట్టించుకుని తిన్నది. ఆమె పిన్నింటికి వెళ్ళలేదు. పెరిగి పెద్దదై ఈ గుడికి తొలి పూజారిణి అయింది. నేటికీ ఆ ఇంటి ఆడపడుచులే అమ్మవారికి అర్చన చేస్తున్నారు.

దీపావళి సాయంత్రం ఇక్కడికి వచ్చే భక్తులు ముందుగా అమ్మవారి చెంప మీద కాటుక చుక్క పెట్టాలి. పిల్లలకు పెట్టనక్కరలేదు. తర్వాత వాకిట్లో పిల్లలకు ఎదురుగా నిలబడాలి. వత్తులు ఆరేవరకూ పెద్దలు మరే పనీ చేయకూడదు. ఫోనులో బొమ్మ తీయడం కూడా పని కిందికే వస్తుందని ప్రస్తుత పూజారిణి శ్రీమతి పైడమ్మ గారు తీర్మానించారు. ఆమెతో వాదించి గెలిచినవారు ఇంతవరకూ లేరు. తన్మయులై చూసినవారి పిల్లలకు వేళకు ఆకలీ ఒళ్ళెరగని నిద్రా అమ్మవారు అనుగ్రహిస్తుందని విశ్వాసం. చూసినవారికి ఏమి లభిస్తుందో ఆ సమయంలో వారి ముఖాలు చూస్తే తెలుస్తుంది. ఈ పుస్తకం రాసినవాడు ఏటా ఆ ముఖాలు చూడటానికే వస్తాడు.

దివిటీ కొట్టేముందు ప్రతి బిడ్డా "సూత్తన్నావా?" అని అడగాలి, కన్నవారు జవాబివ్వాలి. అది రాకుండా నేలకు కొట్టరాదని నియమం. కూలికి దూరదేశం వెళ్ళినవారి పిల్లలు ఉంటారు, కన్నవారు కాలం చేసిన పిల్లలు ఉంటారు. వారు చివరి వరుసలో నిలబడతారు. మిగతా జవాబులన్నీ అయ్యాక, వారిలో ఒక చిన్నగొంతు గుడివైపు తిరిగి ఆ మాట అడుగుతుంది. అప్పుడు వాకిట్లో ఉన్న పెద్దలందరూ తమ పిల్లల మీదనుంచి చూపు తీసి, ఆ వరుసకేసి తిరిగి, ఒక్క నోటితో "సూత్తన్నాం" అంటారు.