దయ్యాల సత్రంలో ఇద్దరికి చోటు

అనగనగనగా, ఎప్పటి మాటో, ఒక ఊళ్ళో దయ్యాల సత్రం ఉండేది. ఊ కొట్టవే మృణాళినీ! సాయంత్రం నుంచీ వన్ ఎస్ టూ, టూ ఎస్ టూ అంటూ ఆ కెమిస్ట్రీ పుస్తకం ముందు ఏడుస్తున్నావుగా, ఆ ఎలక్ట్రాన్ల సంగతే చెప్తున్నా.

ఆ సత్రం నడిపేది సూరాంబ, ఆవిడ కోడలు చిట్టెమ్మ. కింద ఒకటో అంతస్తులో ఒక్కటే గది, ఎస్ గది. పైన రెండో అంతస్తులో ఒక ఎస్ గది, మూడు పి గదులు. గదికి ఇద్దరే పడతారు, అదీ ఒకరి తల ఇటు, ఇంకొకరి తల అటు. పెళ్ళివారింట్లో మనం పడుకోమూ, అలాగ. దయ్యాల గదులకి ఇంగ్లీషు పేర్లేంటంటావా? నోరుమూసుకుని ఊ కొట్టు.

సరే, ఎనిమిది దయ్యాలొచ్చి దిగాయి. తర్వాత వానలో తడుస్తూ ఇంకో రెండొచ్చాయి. సూరాంబ ఏ తలుపు తట్టినా లోపల్నుంచి ఊ అని వినపడింది. తీసి చూద్దామంటే తలుపు తెరవగానే చెల్లాచెదురైపోతాయి. నిండిపోయింది పొమ్మంది. పాపం, ఆ రెండూ గుమ్మంలో కూర్చుని ఒకటే ఏడుపు. ఊళ్ళో ఎవరికీ నిద్ర లేదు. రాజుగారికి ఒళ్ళు మండి, తెల్లారేలోగా ఏడుపు ఆగకపోతే సత్రం పడగొట్టిస్తానని కబురంపాడు. సత్రం పోతే అత్తాకోడళ్ళకి తిండెక్కడిదే? ఊ కొడుతున్నావా?

సూరాంబ నెత్తి కొట్టుకుంది. చిట్టెమ్మ మాత్రం ఆలోచించింది. దయ్యాలు ఒట్టి బద్ధకిష్టివి, అవసరమైతే తప్ప మెట్లెక్కవు. అందుకని ముందు కింద గది నిండుతుంది, ఇద్దరు. తర్వాత పైన ఎస్ గది, ఇద్దరు. ఇంకా నలుగురు, పి గదులు మూడు. అవీ నీలాంటివే, వేరే గది దొరికితే ఒకరి పక్కన పడుకోవు. తలో గదిలో దూరి ఉంటాయి. నాలుగోది మాత్రం గతిలేక ఒకదాని పక్కన చేరి ఉంటుంది.

చిట్టెమ్మ సున్నం తెచ్చి గోడ మీద రాసింది. ముందు అంతస్తు, దాని పక్కన గది పేరు, నెత్తిమీద చిన్నగా ఎందరున్నారో. వన్ ఎస్ టూ, టూ ఎస్ టూ, టూ పి ఫోర్! పి గదుల్లో ఆరుగురు పడతారు, ఉన్నది నలుగురే కదత్తయ్యా అంది. ఊ అన్న గదల్లా నిండినట్టేనా మరి అని కూడా అడిగింది.

తడిసిన దయ్యాలు రెండూ ఒక్కొక్కరే ఉన్న పి గదుల్లోకి చెరొకటిగా వెళ్ళి, లోపలున్నవాటికి తల అటు పెట్టుకుని హాయిగా నిద్రపోయాయి. ఊరూ నిద్రపోయింది. పొద్దున్నే రాజుగారొచ్చేసరికి గోడ మీద పి నెత్తిన నాలుగు చెరిపి ఆరు వేసి ఉంది. ఆయన మురిసిపోయి చిట్టెమ్మకి పట్టుచీర పెట్టాడు. అప్పట్నుంచి ఎవరొచ్చినా సూరాంబ ముందు గోడ చూసేది, తర్వాతే నోరు తెరిచేది. మనిషైనా దయ్యమైనా, చోటుందో లేదో చూడకుండా పొమ్మనకూడదమ్మా.

కథ కంచికెళ్ళిపోయింది. ఇక నువ్వు కాస్త గోడవైపు జరిగి, తల అటు పెట్టుకో. ఈ మంచం మీద ఇంకొకరికి చోటుంది, నేనూ పడుకోవాలి.